నోరు లేనివాళ్లు సేవకు పనికిరారా?

సేవాసంస్థలు వాలంటీర్ల కోసం వేసే ప్రకటనలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. నలుగురితో ఇట్టే కలిసిపోవాలి, చలాకీగా ఉండాలి, చక్కగా మాట్లాడాలి, మొహంలో చిరునవ్వు చెదరకూడదు. ఏ పని చేయాలో, ఎక్కడ చేయాలో, వారానికి ఎన్ని గంటలు చేయాలో వెతికినా కనపడదు. పనేమిటో చెప్పకుండానే చేసేవాడు ఎలాంటివాడై ఉండాలో తేల్చేస్తారు. ఆ ఒక్క వాక్యం చదివి ఎంతమంది గడప దగ్గరే ఆగిపోతున్నారో ఎవరికీ పట్టదు. పదిమందిలో నోరు పెగలనివాళ్లు, కొత్త మనిషితో మాట కలపాలంటే అరచేతులు చెమట పట్టేవాళ్లు, పెళ్లికి వెళ్తే మూలన ఉన్న కుర్చీ వెతుక్కునేవాళ్లు. వాళ్లకు దయ లేదా? ఓపిక లేదా? చేతులు లేవా?

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఉలకడు, పలకడు. ఇంటికి చుట్టాలొస్తే పలకరించి లోపలికి వెళ్లిపోతాడు. ఎండాకాలం సెలవుల్లో బస్తీ పిల్లలకు చదువు చెప్పడానికి కుర్రాళ్లు కావాలని ఒక సంస్థ అంటే, ఎవరూ పంపకుండానే వెళ్లాడు. మొదటి రోజు పిల్లలూ లేరు, పలకలూ లేవు. వచ్చినవాళ్లను గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతికీ మైకు ఇచ్చారు. పేరు, ఊరు, ఇష్టమైన హీరో, ఒక పాట. వీడు పేరు చెప్పి మైకు పక్కవాడికి అందించాడు. "అంతేనా? ఇలా ముడుచుకుపోతే పిల్లలతో ఎలా ఉంటావు తమ్ముడూ? ముందు నువ్వు ఓపెన్ అవ్వాలి" అని అందరి ముందూ అని, మైకు మళ్లీ వీడి చేతిలోనే పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ధైర్యం చెప్పడానికే కొట్టారట. వాడు రెండో రోజు వెళ్లలేదు. చప్పట్లు కొట్టి మరీ తరిమేశారు వాణ్ని. లెక్కలు వాడికి ఎంత బాగా వచ్చో, పక్కింటి ఆరో తరగతి పిల్లకు భిన్నాలు ఎన్నిసార్లయినా విసుక్కోకుండా ఎలా చెప్తాడో అక్కడ ఒక్కరూ అడగలేదు.

నోరున్నవాడిదే రాజ్యమంటారు. రాజకీయాల్లో ఆ మాట చెల్లుతోంది, చూస్తూనే ఉన్నాం. ఆకలి దగ్గర, జబ్బు దగ్గర, చదువు దగ్గర కూడా అదే చెల్లాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

కలుపుగోలుతనం ఇంత పెద్ద అర్హత ఎందుకైందో చెప్తాను. సేవ చేయడం కంటే చేసినట్టు కనపడటం ముఖ్యమైపోయింది కనక. జిల్లా పేజీ ఏ రోజు తిరగేసినా ఎవరిదో పుట్టినరోజు సందర్భంగా ప్రభుత్వాసుపత్రిలో రోగులకు పళ్లు, రొట్టెలు పంచిన ఫొటో ఉంటుంది. మంచం మీద సెలైన్ సీసాతో ఒక పెద్దాయన, ఆయన చేతిలో అరటిపండు, దాన్ని పట్టుకుని ఇంకో అరడజను చేతులు. "ఇటు చూడండి పెద్దాయనా" అంటే ఆయన చూడాలి. పండుకు బదులుగా ఆ మనిషి దగ్గర్నుంచి మొహం తీసుకుంటున్నారు. జబ్బుపడి, గడ్డం మాసి, లుంగీ నలిగి ఉన్న రోజున ఆయన మొహం ఊరంతా చూస్తుంది. ఇదే మన దేశంలో గుప్తదానానికి ఒక గౌరవం ఉండేది. గుమ్మడికాయలో నాణెం దాచి ఇచ్చేవాళ్లు. పుచ్చుకునేవాడు తల దించుకోనక్కర్లేకుండా ఇవ్వాలన్న ఆలోచన అది. దాన్ని ఫ్లెక్సీల కింద పాతిపెట్టేశాం.

ఒక వృద్ధాశ్రమంలో నా కళ్లతో చూశాను. ఆదివారం పొద్దున ఒకే రంగు టీషర్టుల్లో ఒక బృందం దిగింది. కేకు, బెలూన్లు, బ్లూటూత్ స్పీకరు. హాల్లో కుర్చీలు వేసి అందర్నీ తెచ్చి కూర్చోబెట్టారు. ఒకావిడ గదిలోంచి రానన్నారు. ఇద్దరమ్మాయిలు వెళ్లి "రా బామ్మా, ప్లీజ్ బామ్మా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఊళ్లో పెద్దపెద్దవాళ్లు కూడా మీరు అని పిలిచిన మనిషి. నెత్తిన కాగితం టోపీ పెట్టించుకుని, నోట్లో కేకు పెట్టించుకుని, వాళ్ల పాటకు చప్పట్లు కొట్టి, వాళ్లు వెళ్లేదాకా కూర్చున్నారు. మధ్యాహ్నానికి బృందం వెళ్లిపోయింది. నేల మీద క్రీము ఆయా తుడిచింది. ఆవిడ కళ్లజోడు కాడ ఒకటి విరిగి, తెల్ల దారంతో కట్టి ఉంది. పక్కన కూర్చుని సెల్ఫీలు తీసుకున్న అంతమందిలో ఒక్కరికీ అది కనపడలేదు. కళ్లజోళ్ల దుకాణానికి తీసుకెళ్తే పది నిమిషాల పని. ఆవిడ ఆ ఆదివారం ఎవరినైనా ఏదైనా అడిగి ఉంటే అదే అడిగి ఉండేవారు.

సాయం తీసుకునేవాళ్లలో కూడా మనుషుల సందడి పడనివాళ్లు ఉంటారని ఈ సంస్థలకు ఎప్పుడైనా తోచిందా? ముసలితనం వచ్చినంత మాత్రాన, అనాథ అయినంత మాత్రాన, కాలు విరిగినంత మాత్రాన మనిషి బిడియం పోదు. నిజానికి ఇంకా పెరుగుతుంది. అలాంటి మనిషి దగ్గర గలగలా మాట్లాడేవాడి కంటే వచ్చి, బీపీ మాత్రలు రోజువారీ డబ్బాలో సర్ది, కిటికీ తలుపు బిగించి, "వచ్చే శనివారం వస్తానండీ" అని వెళ్లిపోయేవాడు ఎంత మేలు! చెప్పిన శనివారం వచ్చాడంటే చాలు. ఆ మనిషికి కావలసింది మాటల చుట్టం కాదు.

"బిడియం పోవాలంటే సేవలోకి రండి, వ్యక్తిత్వం వికసిస్తుంది" అని ఇంకో పాట. కాలేజీల్లో మరీ ఎక్కువ. దీన్ని వింటే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వస్తుంది. మంచంలో ఉన్న మనిషి మీ వికాసానికి పనిముట్టా? అనాథాశ్రమంలో పిల్లలు మీరు మాట్లాడటం నేర్చుకోవడానికి పెట్టిన తరగతా? ప్రతి శనివారం ఒక కొత్త అన్నో అక్కో వచ్చి ఎత్తుకుని, ముద్దుచేసి, ఫొటో దిగి, మళ్లీ కనపడకుండా పోతే ఆ పిల్లల మనసు ఏమవుతుందో ఎవరైనా లెక్క వేశారా? సేవ అవతలివాళ్ల అవసరం నుంచి మొదలవ్వాలి. మన బిడియం మన ఇంటి సంగతి. అది పోయినా, పోకపోయినా అవతలివాడి పని జరగాలి.

ఆ పని ఎక్కడుందో చూపిస్తాను. చూపు లేని విద్యార్థుల పరీక్షలతో మొదలుపెడతాను. వాళ్లు చెప్తుంటే రాసిపెట్టడానికి స్క్రైబ్ కావాలి. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్ష నాలుగు గంటలు. విద్యార్థి తనే స్క్రైబును తెచ్చుకుంటే, ఆ వచ్చేవాడి చదువు విద్యార్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. డిగ్రీ పరీక్షకు కావలసింది ఇంటర్ పిల్లలే అన్నమాట. ఏటా పరీక్షల ముందు స్క్రైబ్ దొరక్క ఫోన్ల మీద ఫోన్లు చేసుకునే విద్యార్థులు ఎందరో! నాలుగు గంటలు కూర్చుని, ప్రశ్న నిదానంగా చదివి, మళ్లీ చదవమంటే మళ్లీ చదివి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. సొంత మాట ఒక్కటి కలపకూడదు. తప్పు చెప్తున్నారని తెలిసినా పెదవి కదపకూడదు. వాగుడుకాయకు ఇది చేతనవుతుందా?

మా అక్క కొడుకు చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థికి ఇలాగే పరీక్ష రాశాడు. బయటికొచ్చాక ఎలా జరిగిందిరా అంటే "ఏముంది పిన్నీ, అన్న చెప్పాడు, నేను రాశాను" అన్నాడు. అంతకుమించి వాడి దగ్గర రాబట్టలేకపోయాను. చెప్పింది ఆ విద్యార్థి. "తమ్ముడు తొందరపెట్టలేదు మేడం. పోయినసారి వచ్చినాయన నేను వాక్యం మొదలుపెట్టగానే ఆయనే పూర్తిచేసేసేవాడు. వద్దంటే, నాకు తెలుసులే అనేవాడు. ఈసారి నేను ఆలోచించుకుంటుంటే తమ్ముడు పెన్ను పట్టుకుని అట్లనే ఉన్నడు." ఆ ఆగడం నేర్పిస్తే వచ్చేది కాదు. మైకు ఇచ్చి పాట పాడమన్నవాళ్లు పారేసుకున్నది ఈ గుణాన్నే.

అదే విద్యార్థి ఇంకో మాట అన్నాడు. తెలుగు సాహిత్యం చదువుకుందామంటే పుస్తకాలన్నీ నెట్‌లో స్కాన్ చేసిన బొమ్మలే, ఫోన్ చదివి వినిపించదని. నిజం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పేజీలు వంకరగా, అంచులు తెగి, మరకలతో ఉంటాయి. వాటిని చదవదగిన అక్షరాలుగా మార్చే చోటు తెలుగు వికీసోర్స్. రచయిత పోయి 60 ఏళ్లు దాటిన పుస్తకాలు ఎవరైనా అక్కడ ఎక్కించవచ్చు. కందుకూరి, గురజాడ, గిడుగు, కొమర్రాజు, సురవరం అందరివీ ఆ గడువు దాటినవే. యంత్రం స్కాన్ చూసి అక్షరాలు గుర్తిస్తుంది, బోలెడు తప్పులతో. ప ఉన్నచోట వ వేస్తుంది, మ ఉన్నచోట వు వేస్తుంది. పాత అచ్చులో ధర్మము అన్న మాటలో మ పక్కన వలపలగిలక ఉంటుంది. దాన్ని తొమ్మిది అంకె అనుకుంటుంది. అరసున్న కనపడితే బెదిరిపోతుంది. మనిషి కూర్చుని ఎడమవైపు అక్షరాలు, కుడివైపు స్కాన్ పెట్టుకుని ఒక్కొక్క అక్షరం పోల్చి దిద్దాలి. ఒకరు దిద్దితే ఆ పేజీకి పసుపు రంగు పడుతుంది. ఇంకొకరు మళ్లీ చూసి సరిగ్గా ఉందంటే ఆకుపచ్చ. తను దిద్దిన పేజీని తనే ఆకుపచ్చ చేసుకోవడానికి వీల్లేదు.

నేను ఈ పని చేస్తాను. అందులో నాకు నచ్చేది ఆ రెండో మనిషి. నేను పసుపు చేసిన పేజీని రాత్రికి రాత్రి ఎవరో ఆకుపచ్చ చేసి ఉంటారు. నేను చూడని ఒక ఒత్తు సరిచేసి ఉంటారు. ఆ మనిషి మొహం నాకు తెలియదు, గొంతు తెలియదు, ఏ ఊరో తెలియదు. మాట్లాడుకోవాల్సిన అవసరం ఇద్దరికీ రాలేదు. అయినా ఇద్దరం కలిసి ఒక పుస్తకాన్ని బతికించాం. ఆ చూపు లేని కుర్రాడి ఫోన్ ఇప్పుడు దాన్ని చదివి వినిపిస్తుంది. ఇది సమాజసేవ కాదని, ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చోవడమని ఎవరైనా అంటే వాళ్లతో వాదించడానికి నేను సిద్ధం.

రక్తదానం సంగతి అందరికీ తెలిసిందే, అయినా చెప్పాలి. తలసీమియా మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, చాలామందికి బతికినంత కాలం. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. శిబిరం పెట్టి బ్యానర్ కట్టిన రోజున ఒక్కసారే అందరూ ఇస్తే మిగిలిన రోజుల సంగతేమిటి? మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి, బ్యానర్ లేని మామూలు మంగళవారం నాడు బ్లడ్ బ్యాంకుకు వెళ్లి చెయ్యి చాపి పడుకుని వచ్చేవాళ్లు కావాలి. అక్కడ నర్సు అడిగేది బరువు, చివరిసారి ఎప్పుడిచ్చారు, ఏం తిన్నారు, జబ్బులేమైనా ఉన్నాయా, మందులేమైనా వాడుతున్నారా. అంతే.

కొన్ని పనులకైతే నిశ్శబ్దమే అర్హత. జనవరి నుంచి మన తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. ఒక్కో గూట్లో వందకు అటూ ఇటూగా గుడ్లు. వాటిని తెల్లారేలోపు తీసి, కంచె వేసిన చోట మళ్లీ ఇసుకలో పాతితే దాదాపు యాభై రోజులకు పిల్లలు వస్తాయి. అలికిడికి తల్లి వెనక్కి తిరిగిపోతుంది. వెలుతురు పడితే పిల్లలు సముద్రం అనుకుని దీపాల వైపు పాకుతాయి. అక్కడ కావలసినవాడు రాత్రిపూట ఇసుకలో కిలోమీటర్లు నోరెత్తకుండా నడిచేవాడు. జనవరిలోనే నీటిపక్షుల లెక్కింపు, కొల్లేటి దగ్గర, కోరింగలో, పులికాట్‌లో. 1987లో భారత ఉపఖండంలో మొదలై ఆసియా అంతటికీ విస్తరించిన లెక్కింపు అది. కబుర్లు చెప్పేవాణ్ని పక్కన పెట్టుకుని ఎవరైనా కొంగల్ని లెక్కపెట్టగలరా?

మాటల్లేకుండా సేవ చేయడం ఈకాలం సౌఖ్యం అనుకునేవాళ్లకు దివిసీమ గుర్తుచేస్తాను. 1977 నవంబర్ 19న అక్కడ ఉప్పెన వచ్చింది. పదివేలమందికి పైగా పోయారు. నాగాయలంక, సొర్లగొంది వైపు పొలాల్లో, ముళ్లకంపల్లో శవాలు, పశువుల కళేబరాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని రోజుల తరబడి వాటిని ఏరి, తగలబెట్టి, పూడ్చిపెట్టారు. వాళ్లలో ఎంతమంది మాటకారులో ఎవరూ అడగలేదు, అడిగే వేళ కాదు. కోవిడ్‌లో, సొంతవాళ్లే ముట్టుకోని శవాలకు అంత్యక్రియలు చేసినవాళ్లనూ ఎవరూ అడగలేదు. నిజమైన అవసరం వచ్చినప్పుడు ఈ అర్హతలన్నీ ఎగిరిపోతాయి. తీరికగా ఉన్నప్పుడే మనకు చిరునవ్వులు, పాటలు గుర్తొస్తాయి.

ఆపద లేని రోజుల్లో కూడా అంతే. మన గ్రంథాలయోద్యమం మాట ఎత్తితే వేదికలు, సభలు, అయ్యంకి వెంకటరమణయ్యగారి తిరుగుళ్లు తలుచుకుంటాం. తలుచుకోవాలి. ఆయన తిరగకపోతే అన్ని ఊళ్లలో గ్రంథాలయాలు వచ్చేవి కావు. కానీ ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు సాయంత్రం లాంతరు వెలిగించి, పుస్తకాలకు అట్టలు వేసి, చెదలు దులిపి, ఎవరు ఏది తీసుకెళ్లారో చిట్టాలో రాసి ఉండకపోతే ఆ సభలు సభలుగానే మిగిలేవి. ఆ చిట్టా రాసినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల చేతిరాత మాత్రం పాత రిజిస్టర్లలో ఉంది.

ఇక కాలేజీలు. ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) 1969 సెప్టెంబర్ 24న, గాంధీజీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ. ఎంత గొప్ప వనరు అది! ఆ గంటల్ని మనం ఏం చేశాం? ర్యాలీలు. ఎండలో ప్లకార్డు పట్టుకుని నినాదాలు. మానవహారాలు. ఒక చీపురును పదిమంది పట్టుకుని ఫొటో. నినాదం గట్టిగా ఇవ్వని పిల్లాడు చురుగ్గా లేడని ప్రోగ్రాం ఆఫీసరు గుర్తుపెట్టుకుంటాడు. ఆ పిల్లాడి 240 గంటలు నాకివ్వండి. ఒక పుస్తకం మొత్తం అక్షరం తప్పు లేకుండా తేలుతుంది. లేదా ఊరి గ్రంథాలయంలో గోనెసంచుల్లో పడి ఉన్న పుస్తకాలకు జాబితా తయారవుతుంది. లేదా చూపు లేని నలుగురు విద్యార్థులు పరీక్ష గట్టెక్కుతారు. ఆ గంటలన్నీ రోడ్డు మీద గాల్లో కలిపేసి, యువతకు సామాజిక స్పృహ లేదని సదస్సుల్లో ఏడవడం ఏం న్యాయం?

మాట్లాడేవాళ్లు అక్కర్లేదని నేను అనను. చందాలు అడగడానికి, అధికారి బల్ల ముందు నిలబడి గట్టిగా అడగడానికి, భయపడిన మనిషికి ధైర్యం చెప్పడానికి నోరున్నవాళ్లు కావాలి. దేవుడిచ్చిన ఆ గుణం వాళ్లు దాచుకోనక్కర్లేదు. నా పోట్లాట వాళ్లతో కాదు. ఒక్క గుణాన్ని గుమ్మంలో కాపలా పెట్టి, అది లేనివాళ్లందర్నీ వెనక్కి పంపే నిర్వాహకులతో. మంచి వంటవాడు కావాలంటే వంట వచ్చా అని అడుగుతారు. లెక్కలు రాసేవాడు కావాలంటే లెక్కలు వచ్చా అని అడుగుతారు. సేవ దగ్గరికొచ్చేసరికి మాత్రం పని వచ్చా అని అడగరు, హుషారు ఉందా అని అడుగుతారు.

మాట పెగలనివాళ్లతోనూ నాకొక మాట ఉంది. "నాకు మనుషులతో పడదు" అని మీరు తలుపు వేసుకుంటే నేను మెచ్చుకోను. మిమ్మల్ని వెనక్కి పంపిన సంస్థ తప్పు చేసింది, నిజమే. ఆ తప్పు చూపించి మీరు సోఫాలో కూర్చోవడం కుదరదు. సభలు మీకు పడకపోవచ్చు; సభ లేని పని ఊరినిండా ఉంది. వికీసోర్స్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. బ్లడ్ బ్యాంకుకు వెళ్లడానికి ఎవరి పరిచయమూ అక్కర్లేదు. ఇంటర్ చదువుతుంటే, మీ ఊళ్లో చూపు లేని విద్యార్థులుండే హాస్టల్‌కో, డిగ్రీ కాలేజీకో ఒక చీటీ రాసి పంపండి: పేరు, చదువు, ఏ తేదీల్లో ఖాళీ, రాత తెలుగులోనా ఇంగ్లీషులోనా. ఫోన్‌లో మాట్లాడలేకపోతే మెసేజ్ పెట్టండి.

సంస్థలు నడిపేవాళ్లారా, మీ వచ్చే ప్రకటనలో స్వభావం గురించి ఒక్క మాట వద్దు. పని ఇది, చోటు ఇది, వారానికి ఇన్ని గంటలు అని రాయండి. కింద ఇంకో రెండు ముక్కలు రాయండి: ఎవరితోనూ మాట్లాడనవసరం లేని పనులు కూడా ఉన్నాయి, ఫొటోలు తీయం. రాసి, ఆ మాట మీద నిలబడండి. ఎవరొస్తారో అప్పుడు చూద్దాం.